మా బావ సైకిల్ చక్రం కొలత

మా బావ సైకిల్ చక్రం ఒక్క చుట్టు తిరిగితే నేల మీద రెండువేల రెండువందల ఇరవై మిల్లీమీటర్లు ముందుకు వెళుతుంది. సొంత పెళ్లిరోజు మరిచిపోయి ఇంట్లో చీవాట్లు తిన్నవాణ్ని నేను. రేషన్ కార్డు నంబరు ఒక్కనాడూ నోటికి రాలేదు. ఈ అంకె మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు కాబట్టి ఇప్పుడు అడగనివాళ్లకి కూడా చెప్పుకుంటున్నాను.

బావ అంటే మా అప్ప భర్త. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. వాళ్ల ఊరు సుమ్మాదేవి స్టేషన్‌కి తూర్పున, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటి లోపలికి ఉంటుంది. ఊరి నుంచి రైల్వే గేటు, గేటు దాటితే హైవే, హైవే వెంట వస్తే పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గ. మొత్తం పదకొండు కిలోమీటర్లు. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో బావ జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. పొద్దున సైకిల్ మీద రావడం, సాయంత్రం సైకిల్ మీద పోవడం. పెద్ద నల్ల సైకిల్, వెనక ఇనుప క్యారియర్, ముందు బుట్ట.

తొంభైల చివర్లో వాళ్ల పెళ్లయింది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఆ కొత్తలో బావ అప్పని క్యారియర్ మీదా నన్ను ముందు కడ్డీ మీదా కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తొక్కేవాడు. ఇసుక దారిలో కూడా దిగేవాడు కాదు. "దిగనా బావా?" అని నేనంటే, "దిగితే నీకు సిగ్గా, నాకు సిగ్గా?" అనేవాడు. తర్వాత నేను టెక్కలిలో ఐటీఐ చదువుతున్నప్పుడు, రెండు వారాలకోసారి బియ్యం, పచ్చడి, అప్ప కట్టిచ్చిన జీడిపప్పు పొట్లం పట్టుకుని అంత దూరమూ సైకిల్ మీదే వచ్చేవాడు. హైవే మీద గంటకి నాలుగు బస్సులున్నాయి.

"బస్సు లేదేటి బావా?" అని అడిగేవాణ్ని.

"బస్సెక్కితే నా కాళ్లకి పనేటుంటాది?" అనేవాడు. నా రూమ్మేట్లు ఆయన్ని చూసి నవ్వేవారు, ఆయన పొట్లం విప్పగానే మాత్రం నవ్వు ఆపి చుట్టూ చేరేవారు.

ఆ మనిషికి కాళ్లంటే అంత గర్వం. ఆ గర్వం నాకు బాగా తెలుసు కాబట్టే, దాన్ని నేను వాడుకున్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఇక్కడ మా ఉద్దానం, అంటే ఈ తోటల ప్రాంతం, సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఊళ్లలో మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కిడ్నీలు పాడై పోతున్నారు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండన్నారు, ఎవరికీ తెలియదు. జనానికి తెలిసింది ఒక్కటే. రక్తపరీక్షకి వెళ్లినవాడు కాగితం పట్టుకుని తిరిగొస్తాడు, ఆ కాగితం వచ్చాక ఎక్కువ రోజులుండడు. కాబట్టి కాగితం తెచ్చుకోకపోతే సరి. బడికెళ్లినవాళ్లూ, వెళ్లనివాళ్లూ, అందరూ లోపల ఇదే నమ్మారు. నేనూ నమ్మాను. ఐటీఐ సర్టిఫికెట్ గోడకి తగిలించుకుని మరీ నమ్మాను.

పరీక్షకి వెళ్లరు గానీ, ఎవరు బాగున్నారో ఎవరు బాగాలేరో తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం అందరికీ ఉండేది. దానికి మా వాళ్లు సొంతంగా ఒక పరీక్ష పెట్టుకున్నారు. రైల్వే గేటు దాటాక హైవే మీదికి ఎక్కే దారి ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు సైకిల్ దిగకుండా తొక్కినవాడు బాగున్నట్టు. దిగి నడిపించినవాడి వంక గేటు పక్కన టీ బడ్డీలో కూర్చున్నవాళ్లు ఓ చూపు చూసేవారు. ఏమీ అనేవారు కాదు. ఆ చూపు తప్పించుకోవడానికి జ్వరంతో ఉన్నవాళ్లు కూడా పళ్లు బిగించి తొక్కేవారు. బావ అన్నగారు అలాగే తొక్కి తొక్కి, ఒకరోజు తొక్కలేక, నాలుగు నెలలకి పోయాడు. ఆయన సైకిల్‌ని పెరట్లో కొబ్బరి చెట్టుకి చేరేశారు. దాని మీద కోళ్లు ఎక్కి కూర్చునేవి.

అది జరిగిన ఏడాదికి, అంటే రెండువేల పదికి అటూ ఇటుగా, అప్ప ఒకరోజు నా షాపుకొచ్చింది. అప్పటికి నేను కాశీబుగ్గలో సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టుకుని, పక్క వీధిలోనే కాపురం ఉంటున్నాను. అప్ప కూర్చోలేదు. కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడింది.

"మీ బావ కాళ్లు సూసినావేటి?" అంది.

"ఏటయింది?"

"సెప్పులిప్పినాక పట్టీ గుర్తు అలగే ఉండిపోతంది. పొద్దున్నకి కూడా పోవట్నేదు. ఏలెట్టి నొక్కితే గుంట పడతంది. ఆళ్ల అన్నయ్యకీ అలగే అయినాది కదరా. నువ్వు సెప్తే ఇంటాడు. ఒక్కసారి టెక్కలి తీసుకెళ్లి రక్తం ఇప్పించు. నీకు దండం పెడతాను."

అప్ప నాకు దండం పెట్టడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది, భయానికి కోపం వచ్చింది. భయపడితే అరవడం నా జబ్బు. "ఊరికే కంగారు పడకు, బాయిలర్ దగ్గర రోజంతా నిలబడితే ఎవరికైనా కాళ్లు వాస్తాయి" అని ఆమె మీద అరిచి పంపేశాను. సాయంత్రం బావ వస్తే అడిగాను. ఆయన నా కంటే గట్టిగా అరిచాడు.

"నానేటి మంచంలో ఉన్నానా? ఇరవై రెండు కిలోమీటర్లు తొక్కుతన్నాను రోజుకి. రోగం ఉన్నోడు తొక్కగల్డేటి?"

ఆ మాటకి జవాబు అనుకున్నది ఒకటి నా షాపులో అద్దాల బీరువా కింద అరలో ఉంది.

ఓడల మీద పనిచేసే ఒకాయన సెలవులకొచ్చినప్పుడు ఒక ఫోన్ ఇచ్చి అమ్మిపెట్టమన్నాడు. తెరంతా వేలితో నడిచే రకం. దాంతోపాటు ఒక అట్టపెట్టె. అందులో ఫోన్ అడుగున గుచ్చే చిన్న ముక్క, సైకిల్ ముందు ఫోర్కుకి కట్టే సెన్సర్, చక్రం పుల్లకి బిగించే అయస్కాంతం, ఛాతీకి కట్టుకునే బెల్టు ఉన్నాయి. చక్రం తిరిగినప్పుడల్లా అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి పోతుంది. తీగ లేకుండానే ఆ లెక్క ఫోన్‌కి చేరుతుంది. ఎంత దూరం తొక్కాం, ఎంత వేగంగా తొక్కాం, బెల్టు కట్టుకుంటే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, అన్నీ తెర మీద. పలాసలో దాన్ని ఎవరు కొంటారు? నెలలు గడిచాయి. ఓడాయన ఫోన్ చేసి "నువ్వే ఉంచేసుకో" అన్నాడు. నేను దాన్ని రోజూ బయటికి తీసి తుడిచి మళ్లీ లోపల పెట్టేవాణ్ని. అంత గొప్ప వస్తువు పని లేకుండా పడి ఉండటం నాకు బాధగా ఉండేది. నిజం చెప్పాలంటే, బావ రోగం కంటే ముందు నాకు ఆ వస్తువు వాడాలన్న యావే పట్టింది.

"సరే బావా, తొక్కుతున్నావు కదా. ఎలా తొక్కుతున్నావో ఈ ఫోన్ చెప్తాది. బాగుంటే నేను నోరెత్తను. వేగం తగ్గిందనుకో, ఆ రోజే టెక్కలి."

ఆయన కళ్లు మెరిశాయి. "ఎంతకి తగ్గితే?"

"గంటకి పదిహేను. ఒక్కరోజు పదిహేను కంటే తగ్గినా వచ్చి రక్తం ఇవ్వాలి."

"ఒట్టు" అన్నాడు. తన నెత్తి మీద కాదు, నా నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ అన్నాడు.

మర్నాడు షాపు ముందు సైకిల్ నిలబెట్టి అన్నీ బిగించాను. చక్రం చుట్టుకొలత ఎంతో చెప్పమని ఫోన్ అడిగింది. ఆ అంకె సరిగ్గా ఇస్తేనే దాని లెక్క సరిగ్గా వస్తుంది. పక్క టైలర్ దగ్గర టేపు అడిగి తెచ్చాను. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, అదే చోట నేల మీదా గీత గీసి, బావని సీటు మీద కూర్చోబెట్టి, టైరు మీది గీత మళ్లీ నేలకి తగిలేదాకా మెల్లగా తోశాను. రెండు గీతల మధ్య కొలిచాను. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకటే వచ్చింది. టైలర్ కత్తెర పట్టుకుని బయటికొచ్చి, "ఏటి, సైకిల్‌కి లాగూ కుడతారేటి?" అన్నాడు. బావ అంత నవ్వడం ఆ ఏడాదిలో అదే చూశాను.

ఏర్పాటు ఇలా కుదిరింది. ఫ్యాక్టరీలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. కాబట్టి పొద్దున దారిలో నా షాపు దగ్గర ఆగి ఫోన్ నా చేతికిచ్చేవాడు. నేను అంకె చూసి చెప్పేవాణ్ని. రోజంతా అది నా దగ్గరే ఛార్జింగులో ఉండేది. సాయంత్రం తీసుకుని వెళ్లేవాడు. మొదటి రోజు సగటు పద్దెనిమిది. బావ గోడకి కొట్టిన బంతిలా గెంతాడు. "ఇప్పుడు సెప్పరా, నాకు రోగమేటి?" అని వీధంతా వినిపించేలా అరిచాడు. నేను అప్పకి కబురు పంపాను, పద్దెనిమిది అని. నాకూ సంతోషమే. పద్దెనిమిది అంటే కిడ్నీలు బాగున్నాయని ఏ డాక్టరు చెప్పాడు? ఎవరూ చెప్పలేదు. గేటు దగ్గర ఎత్తుని నమ్మినవాళ్లు వెర్రివాళ్లని నేను లోపల నవ్వుకునేవాణ్ని. నేను చేసింది అదే ఎత్తుని ఫోన్‌లో పెట్టడం.

చలికాలం పదిహేడు, పదహారున్నర. బెల్టు లెక్క మాత్రం ఎదురు తిరిగింది. వేగం తగ్గుతుంటే గుండె పెరుగుతోంది. మొదట్లో నిమిషానికి నూట ముప్పై దగ్గర ఉండేది నూట యాభై అయింది, తర్వాత నూట అరవై దాటింది. అదే దారి, అదే సైకిల్, అదే మనిషి. అర్థం కాలేదని అనను. అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోలేక, "బావా, బెల్టు బ్యాటరీ పోయింది, అది ఇక్కడ దొరకదు" అని చెప్పి బెల్టు తీసుకుని బీరువాలో పెట్టేశాను. బ్యాటరీ బాగానే ఉంది.

ఎండలు ముదిరాయి. పదిహేను పాయింట్ ఎనిమిది. పదిహేను పాయింట్ మూడు. బావకి కూడా భయం పట్టుకుంది. దారిలో ఫోన్ ముందు బుట్టలో పెట్టుకుని తెర చూస్తూ తొక్కేవాడట. అంకె పదిహేను కిందికి జారుతుంటే సీటు మీంచి లేచి నిలబడి తొక్కేవాడట. ఒకరోజు పొద్దున షాపు దగ్గరికి వచ్చి, స్టాండు వెయ్యకుండానే సైకిల్ వదిలేశాడు. అది పక్కకి పడింది. ఆయన కాలవ దగ్గర కూర్చుని వాంతి చేసుకున్నాడు. ముందు రాత్రి తిన్నది ఏమీ లేదు, నీళ్లే వచ్చాయి. పెదాలు పాలిపోయాయి. నేను పరుగెత్తి పట్టుకుంటే, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో బుట్టలోని ఫోన్ చూపించాడు.

"సూడు... పదిహేను దాటింది... సూడు."

పదిహేను పాయింట్ ఒకటి.

ఆ రోజు ఆయన్ని కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, ఫ్యాక్టరీకి పంపేశాను. పంపేశాక షాపు షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను. రేపు పద్నాలుగు పాయింట్ తొమ్మిది వస్తుంది. వస్తే టెక్కలి వెళ్లాలి. వెళితే కాగితం వస్తుంది. ఆ కాగితం నేను అప్పకి ఇవ్వాలి. రేపు పద్నాలుగు పాయింట్ తొమ్మిది రాకూడదని ఆయన ఇంకా గట్టిగా తొక్కుతాడు, తొక్కి దారిలోనే పోతాడు. ఎటు చూసినా చావే కనిపించింది. అప్పుడు ఫోన్ తీసి సెట్టింగుల్లోకి వెళ్లాను. చక్రం చుట్టుకొలత, రెండువేల రెండువందల ఇరవై. దాన్ని చెరిపి రెండువేల మూడువందలు చేశాను. చక్రం పెద్దదనుకుంటే అదే తొక్కుడికి ఫోన్ ఎక్కువ వేగం చూపిస్తుంది.

ఎండలు తగ్గేదాకానే అనుకున్నాను. ఆయన మరీ రొప్పుతూ తొక్కకుండా ఉంటే చాలనుకున్నాను. వాన పడ్డాక ఎలాగో ఒప్పించి టెక్కలి తీసుకెళదామనుకున్నాను. ఇవన్నీ నిజంగానే అనుకున్నాను. వీటి కింద ఇంకొకటి ఉంది. ఆ కాగితం చూడటానికి బావ కంటే నేనే ఎక్కువ భయపడ్డాను.

మర్నాడు పదిహేను పాయింట్ ఆరు. బావ తెర వంక చూసి, నా వంక చూసి, "బానే ఉందే" అన్నాడు. మెల్లగా అన్నాడు. గెంతలేదు. నేను గమనించలేదు. నాకు ఆ అంకె చాలు.

ఆ తర్వాత అది నాకు అలవాటైపోయింది. పది రోజులకోసారి కొలత పెంచేవాణ్ని. రెండువేల నాలుగువందలు, రెండువేల ఐదువందలు. బావ వేగం ఎంత పడిపోతే నేను చక్రాన్ని అంత పెద్దది చేసేవాణ్ని. రెండువేల ఆరువందలు పెట్టిన రోజు, ఇంకొన్నాళ్లకి సైకిల్‌కి ఎడ్లబండి చక్రాలు వెయ్యాలి కాబోలు అని నాకు నేనే జోకు వేసుకుని, ఆ జోకుకి నేనే ఏడ్చాను.

అప్ప మధ్యలో రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు, "మీ బావ ఈ మద్దిన మరీ పొద్దున్నే బయలెల్లిపోతన్నాడురా, కోడి కుయ్యకముందే. ఫ్యాక్టరీలో పని ఎక్కువయిందేటి?" అంది. పదకొండు కిలోమీటర్లకి ఆయనకి ఎక్కువసేపు పడుతోందని, అందుకే ముందు బయల్దేరుతున్నాడని నాకు వెంటనే తట్టింది. "అవునట" అన్నాను.

రెండోసారి ఆమె తలుపు దగ్గరే నిలబడి అడిగింది. "గేటు కాడ దిగి నడిపిస్తన్నాడంట. టీ బడ్డీ వోలు సెప్పినారు. నువ్వు రోజూ సూస్తన్నావు కదా. నిజం సెప్పు. బాగున్నాడా?"

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆమె చూసినా చదవలేదు, చదివినా ఆ అంకె అబద్ధం. ఆమెకి కావలసింది నా నోటి మాట.

"బాగున్నాడప్పా" అన్నాను. "నిన్న కూడా పదిహేను దాటింది."

ఆమె ముఖం తేటపడింది. బుట్టలోంచి నాలుగు ములక్కాడలు తీసి కౌంటరు మీద పెట్టి వెళ్లింది. వాటిని ఇంటికి తీసుకెళ్లలేకపోయాను, టైలర్‌కి ఇచ్చేశాను.

తొలి వానలు పడ్డ వారంలో ఒకరోజు పొద్దున బావ రాలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఎవరిదో మోటారు సైకిల్ అడిగి తీసుకుని హైవే మీద ఎదురెళ్లాను. గేటుకి ఇవతల, ఎత్తు ఎక్కిన చోట, ఒక జీడిచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. పడలేదు, కూర్చున్నాడు. సైకిల్‌ని జాగ్రత్తగా స్టాండు వేసి పెట్టాడు. ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి. నన్ను చూసి లేవబోయాడు, కాళ్లు లేవలేదు.

"టెక్కలి ఎల్దారి పద" అన్నాడు.

నేను అడగలేదు. ఆయనే అన్నాడు. పలాసలో వద్దన్నాడు, అందరూ తెలిసినవాళ్లే, చూస్తారని. ఆటో మాట్లాడి టెక్కలి తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆయన తల నా భుజం మీద ఉంది. మా ఐటీఐ ముందు నుంచి ఆటో పోతుంటే కళ్లు తెరిచి, "ఇక్కడికే కదరా బియ్యం తెచ్చీవోడిని" అన్నాడు. నేను ఊఁ కొట్టాను.

రక్తం ఇచ్చాం. కాగితం వచ్చింది. క్రియాటినిన్ అని రాసి పక్కన అంకె వేశారు. కిడ్నీలు ఎంత పాడైతే ఆ అంకె అంత పెరుగుతుంది. మా ఉద్దానంలో చదువురాని ముసలమ్మలకి కూడా ఆ మాట తెలుసు, ఎంత ఉంటే ఏమిటో తెలుసు. కాగితం చూసిన డాక్టరు ఆయన్ని బయట కూర్చోమని, నన్ను లోపల ఉంచాడు.

"ఎన్నాళ్ల నుంచి కాళ్లు వాస్తున్నాయి?"

"చలికాలం ముందు నుంచి సార్."

"అప్పుడు తీసుకొస్తే మందులతో ఇంకొన్నేళ్లు లాక్కొచ్చేవాళ్లం కదయ్యా. ఇంట్లో ఎవరూ చూడట్లేదా?"

చూస్తున్నాం సార్, రోజూ ఫోన్‌లో చూస్తున్నాం అనలేకపోయాను.

ఆ తర్వాత విశాఖపట్నం. వారానికి రెండుసార్లు డయాలసిస్. పలాసలో పొద్దున రైలెక్కి వెళ్లడం, మెషిన్ మీద నాలుగు గంటలు, మళ్లీ రైలు. అప్పకి ఆ ప్రయాణం పడేది కాదు, ఆమె వాంతులు చేసుకునేది. అందుకని నేను వెళ్లేవాణ్ని. నేనే వెళతానని పట్టుబట్టాను కూడా. షాపు ఏమైపోతోందో పట్టించుకోలేదు. ఆ రైల్లో ఆయన పక్కన కూర్చోవడం తప్ప నాకు ఇంకేం మిగల్లేదు. ప్రతిసారీ ఈరోజు చెప్పేయాలి అనుకుని ఎక్కేవాణ్ని. దారిలో నౌపడా స్టేషన్ దాటేదాకా ధైర్యం కూడగట్టుకునేవాణ్ని. నౌపడా దాటాక, తిరుగు ప్రయాణంలో చెబుదాంలే అనుకునేవాణ్ని.

ఒకసారి నౌపడా దగ్గర బండి ఆగింది. కిటికీలోంచి ఉప్పు మడులు, తెల్లగా కుప్పలు. డాక్టర్లు బావకి ఉప్పు మానిపించారు, నీళ్లు గ్లాసుతో కొలిచి ఇమ్మన్నారు. ఆయన ఆ కుప్పల వంక చాలాసేపు చూశాడు. తర్వాత నా వంక చూడకుండానే అడిగాడు.

"ఒరే. మా ఊరి నుంచి నీ సాపుకి ఎంత దూరం?"

"పదకొండు."

"మరి ఫోనుల పదమూడు ఎలగయినాది?"

కొలత పెంచితే వేగం ఒక్కటే కాదు, దూరం కూడా పెరుగుతుంది. అదే తెర మీద, వేగం పక్కనే, ఆయన రోజూ చూస్తూ వచ్చిన అంకె. పదకొండు కాస్తా పదకొండున్నర, పన్నెండు, పన్నెండున్నర. హైవే మీద కిలోమీటరు రాళ్లు ఒక్కొక్కటీ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగల మనిషి. ఫోన్లు విప్పి బాగుచేసే మెకానిక్‌ని నేను, నాకు ఆ సంగతి ఒక్కరోజూ తట్టలేదు.

"నీకు తెలుసా బావా?"

"మొదటిరోజే తెలిసిపోయినాది. ఊరు కదల్దు కదరా."

"మరి ఏల సెప్పలేదు?" అని అరిచాను. బోగీలో అందరూ తిరిగి చూశారు. అంత పాపం చేసి, ఆయన మీదే అరిచాను.

బావ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బండి కదిలింది. ఆయన చెయ్యి నా మోకాలి మీద పెట్టాడు. సూదులు గుచ్చి గుచ్చి ఆ చెయ్యి కమిలిపోయి ఉంది.

"నాకు నానై, పదరా రక్తం ఇచ్చేస్తానని అన్లేకపోనాను. సిగ్గయినాది, బయమేసినాది. నువ్వు సెప్తావని సూసినాను. బావా, ఇది అబద్దం, నీ పని అయిపోతంది, పద అని నువ్వొక్క మాటంటే ఎనకాలే వచ్చీవోణ్ని. పొద్దున్న నీకు ఫోనిచ్చినప్పుడల్లా, ఈరోజు సెప్తాడు, ఈరోజు సెప్తాడు అని సూసీవోణ్ని."

శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఎవరో జామకాయలు అమ్ముతూ వచ్చారు. ఆయన తినకూడదు. నాకోసం ఒకటి కొని నా చేతిలో పెట్టాడు. నేను తిన్నాను. తినకపోతే బాధపడతాడని తిన్నాను.

ఆ చలికాలం దాటకుండానే బావ పోయాడు.

దినకార్యాలయ్యాక ఒకరోజు సైకిల్‌కి కట్టినవి విప్పడానికి వెళ్లాను. విప్పేముందు ఫోన్‌లో కొలత మళ్లీ రెండువేల రెండువందల ఇరవై చేసి, ఆ సైకిల్ నేనే తొక్కుకుంటూ షాపుకొచ్చాను. గేటు ఎత్తు దగ్గర దిగి నడిపించాను. టీ బడ్డీలో వాళ్లు చూశారు. నేనూ వాళ్ల వంక చూశాను. అక్కణ్నుంచి షాపు దాకా ఏడుస్తూనే తొక్కాను. షాపు ముందు దిగి చూస్తే తెర మీద దూరం సరిగ్గా పదకొండు. మర్నాడు టెక్కలి వెళ్లి నా రక్తం ఇచ్చి వచ్చాను. నాకేమీ లేదన్నారు. ఆ కాగితం చూసి నాకు సంతోషం కలగలేదు.

అప్పకి నేను ఇప్పటికీ చెప్పలేదు. ఆమె ఏడాదికోసారి, ఆయన తద్దినం రోజున భోజనాలయ్యాక, విస్తళ్లు తీస్తూ అదే మాట అంటుంది.

"నువ్వేటి సేత్తావురా, పాపం రోజూ సూస్తానే ఉన్నావు. ఆ ఫోనే మంచిది కాదు."

అని ఊరుకోదు. చేతిలో విస్తరి పట్టుకుని, ఒక్క నిమిషం, నా ముఖంలోకి చూస్తూ నిలబడుతుంది. బావ కూడా పొద్దున నా చేతికి ఫోన్ ఇచ్చి అలాగే నిలబడేవాడు. నేను తల దించుకుని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోతాను.